రోమనులు డేసియాను ఎందుకు విడిచిపోయారు?



రోమక సామ్రాజ్య పతనమనగానే చరిత్ర పాఠాలలో దండయాత్రల వరుసే మనసుకు వస్తుంది. అనాగరిక జాతులు వచ్చాయి, కోటలు కూలాయి, రోము ఓడిపోయింది. కాని యుద్ధంలో గెలిచిన చక్రవర్తియే స్వయంగా ఖాళీ చేయించిన రాష్ట్రం ఒకటి ఉంది. అది డాన్యూబ్ నదికి ఆవల, నేటి రుమేనియా దేశంలో ఉండిన డేసియా.

ట్రాజన్ చక్రవర్తి క్రీ.శ. 101-102లోను, 105-106లోను రెండు యుద్ధాలు చేసి ఆ దేశాన్ని జయించాడు. డేసియా రాజు డెసిబాలస్ శత్రువు చేతికి చిక్కకుండా ప్రాణత్యాగం చేశాడు. డాన్యూబ్ పై డమాస్కస్ వాడైన అపొల్లోడోరస్ అనే శిల్పి నిర్మించిన వంతెన, 113లో రోములో ప్రతిష్ఠించిన విజయస్తంభం ఆ యుద్ధాల జ్ఞాపకాలే. విజయోత్సవాలు 123 దినాలు సాగాయని కాసియస్ డియో వ్రాశాడు. భారతదేశపు రాయబారులు కూడ ఆ రోజులలో రోముకు వచ్చారట. వారు ఏ రాజ్యం నుండి వచ్చారో ఆయన చెప్పకపోవడం మనకు కొంత నిరాశే. అప్పుడు దక్కనును ఏలుతున్నవారు శాతవాహనులు.

డేసియా కొండలలో బంగారం ఉంది. దాని కోసం, కొత్త భూముల కోసం సామ్రాజ్యం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. గనుల ఊరైన ఆల్బర్నస్ మేయర్ కు అడ్రియాటిక్ తీరపు డాల్మేషియా నుండి గనిపనివారు వచ్చారు. ఆ గని సొరంగాలలో దాచిన మైనపు పలకలు 18, 19 శతాబ్దాలలో బయటపడ్డాయి. అప్పుల పత్రాలు, కూలి ఒడంబడికలు, విక్రయ పత్రాలు వాటిలో ఉన్నాయి. 139లో సుమారు ఆరేళ్ళ బాలికను 205 దీనారాలకు అమ్మిన పత్రం కూడ ఉంది. రోమక నాగరికతను పొగిడేవారు ఆ పలకను ఒకమారు చదవడం మంచిది.

అంతకంటె ఆలోచింపజేసే పలక 167 ఫిబ్రవరి 9వ తేదీది. ఆ ఊరిలో సభ్యుల అంత్యక్రియల కోసం చందాలతో నడిచే ఒక సంఘం ఉండేది. ఇకపై సంఘం లేదని పెద్దలు ప్రకటించిన పత్రమది. ఒకప్పుడు సభ్యులు 54 మంది. ఊరిలో మిగిలినది 17 మంది. సహాధ్యక్షుడు పదవి స్వీకరించిన నాటి నుండి ఊరి ముఖమే చూడలేదు. సమావేశాలకు వచ్చేవారు లేరు, చందా కట్టేవారు లేరు, శవపేటికకు కూడ సొమ్ము లేదు. ఇక ఎవరు మరణించినా సంఘం ఖర్చు భరిస్తుందని అనుకోవద్దని ప్రకటన. డాన్యూబ్ పొడవునా మార్కొమానీ యుద్ధాలు ముసురుకొంటున్న కాలమది. అదే సంవత్సరం మే నెల తరువాతి తేదీ గల పలక ఆ గనులలో దొరకలేదు. అప్పటికి చక్రవర్తి ఆజ్ఞ వెలువడడానికి ఇంకా నూరేళ్ళకు పైగా ఉంది.

వదలిపోదామన్న ఆలోచన కొత్తది కాదు. ట్రాజన్ తరువాత 117లో రాజ్యానికి వచ్చిన హేడ్రియన్ డేసియాను విడువదలచాడని, ఇందరు రోమక పౌరులను శత్రువుల పాలు చేయడం తగదని మిత్రులు వారించారని యూట్రోపియస్ వ్రాశాడు. అంటే ఆనాడు రోము అక్కడ నిలిచినది అక్కడి మనుషుల కోసం. అయినా హేడ్రియన్ వంతెన పైభాగాన్ని తొలగించాడు. శత్రువులు దానిపై దాటివస్తారని భయం.

మూడవ శతాబ్దంలో లెక్కలు తారుమారయ్యాయి. పటం చూస్తే డేసియా నదికి అవతల ముందుకు పొడుచుకొని వచ్చిన భూభాగం. మూడు వైపులా కాపలా కావాలి. రెండు లీజియన్ల సైన్యం, వాటికి తోడు సహాయక దళాలు అక్కడే కట్టుబడి ఉండాలి. ఇటు చూస్తే 251లో డీసియస్ చక్రవర్తి గోతులతో పోరులో హతుడయ్యాడు. 260లో వలేరియన్ చక్రవర్తి పారసీకులకు బందీ అయ్యాడు. అదే సంవత్సరం గాల్ దేశం వేరుపడింది. తూర్పున పాల్మైరా రాణి జెనోబియా ఈజిప్టు వరకు ఆక్రమించింది. వెండి నాణెంలో నూటికి ఐదు పాళ్ళయినా వెండి లేదు. అటువంటి నాణెంతో జీతమిచ్చి, దూరపు కొండలను కాపాడమని సైనికులను ఎంతకాలం అడగగలరు?

270లో రాజ్యానికి వచ్చిన ఆరేలియన్ పిరికివాడు కాడు. డాన్యూబ్ దాటి గోతులను ఓడించాడు. గెలిచిన తరువాతనే, 271-275 నడుమ, డేసియా నుండి సేనలను, ప్రజలను నదికి దక్షిణానికి తరలించాడు. లీజియన్లు ఈస్కస్, రాటియారియా నగరాలలో నిలిచాయి. నదియే సరిహద్దయింది; కాపలా తేలికయింది. ఆ చక్రవర్తియే రాజధాని రోముకు చుట్టూ సుమారు 19 కిలోమీటర్ల గోడ కట్టించడం ఆరంభించాడు. నడిబొడ్డుకే గోడ అవసరమైననాడు చివరి కొసను ఎవరు చూస్తారు!

ఇక్కడ ఒక గడుసుతనం ఉంది. నదికి దక్షిణాన ఒక భాగాన్ని విడదీసి దానికి 'డేసియా' అని పేరుపెట్టారు. 'సుఖవంతమైన డేసియా' అనే మాటలతో నాణేలు కూడ ముద్రించారు. భూమి పోయింది గాని రాజ్యపు దస్తావేజులలో పేరు పోలేదు. దీనిని కేవలం మోసమనడం న్యాయం కాదు. ఇల్లు విడిచి వచ్చినవారికి తమ ఊరి పేరు దక్కింది గదా.

మరి అందరూ వచ్చారా? నగరాల నుండి, పొలాల నుండి అందరినీ తెచ్చాడన్నట్లే యూట్రోపియస్ వ్రాశాడు. కాని దున్నుకొనే రైతు రాజాజ్ఞ విన్నంతనే భూమి వదలి వెళ్ళడం అరుదు. సేనలు వెళ్ళిన తరువాత కూడ పాత నగరాల శిథిలాలలో జనం కాపురమున్నట్లు త్రవ్వకాలు చూపుతున్నాయి. నేటి రుమేనియన్ భాష లాటిన్ సంతతి. అది ఉత్తరాన ఉండిపోయినవారి నోట నిలిచిందా, దక్షిణం నుండి తరువాత తిరిగి వచ్చిందా అన్నదానిపై రుమేనియా, హంగరీ పండితులకు తరతరాల వివాదం. అందులో దేశాభిమానాల పాలు పాండిత్యానికి తీసిపోదు.

రుమేనియన్ లో ముసలివానిని 'బత్రిన్' అంటారు. అది లాటిన్ 'వెటెరానుస్' నుండి వచ్చిన మాట. ఆ లాటిన్ మాటకు అర్థం కొలువు ముగించి విశ్రాంతి పొందిన సైనికుడు.