బోనఫైడ్ అంటే ఏమిటి?



బడులు తెరిచే జూన్ నెలలో మన రాజంపేటలో పిల్లలున్న ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘బోనఫైడ్ తెచ్చుకున్నావా?’ స్కాలర్‌షిప్‌కి బోనఫైడ్, బస్ పాస్‌కి బోనఫైడ్. ఫీజు సాయం కోరి వచ్చే పిల్లల్ని మేము మొదట అడిగేదీ అదే. ఇన్నిసార్లు పలికే ఈ మాటకు అర్థం తెలుసుకుంటే ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ మేలు.

ఇది ఇంగ్లిషులోకి వచ్చిన లాటిన్ మాట. ‘బోనా’ అంటే మంచి, ‘ఫిదే’ అంటే నమ్మకంతో. రెండూ కలిస్తే మోసం లేకుండా, చిత్తశుద్ధితో అని భావం. మనం వాడే బోనస్ అనే మాట కూడా ఆ ‘బోనా’ కుటుంబంలోదే. ఉర్దూలో దీనికి చక్కగా సరిపోయే మాట మన దగ్గరే ఉంది: నేక్ నియ్యత్. దానికి ఎదురుమాట బద్ నియ్యత్. లాటిన్‌లో మాలా ఫిదే.

ఇంగ్లిషులో ఈ మాటను రెండు విధాలుగా వాడతారు. మొదటిది ‘అసలైన’ అనే అర్థం. బోనఫైడ్ విద్యార్థి అంటే ఆ బడిలో నిజంగా చదువుతున్న విద్యార్థి. సర్టిఫికెట్ చెప్పేది అంతవరకే. పిల్లవాడు తెలివైనవాడనీ చెప్పదు, పేదవాడనీ చెప్పదు. అందుకే ఆదాయ ధ్రువపత్రం వేరే అడగాల్సి వస్తుంది. రెండోది ‘సదుద్దేశంతో’ అనే అర్థం. బోనఫైడ్ కొనుగోలుదారు అంటే అమ్మేవాడి హక్కులో లోపం ఉన్నట్లు తెలియక, ధర చెల్లించి, నిజాయితీగా కొన్నవాడు.

మరి నిజాయితీ ఒక్కటే చాలా? మన చట్టాలు దీనికి రెండు రకాల జవాబులు చెప్పాయి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం, నిజాయితీగా చేసిన పనిలో అజాగ్రత్త ఉన్నా అది సదుద్దేశంతో చేసిన పనే. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 52వ సెక్షన్ అలా ఒప్పుకోలేదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినదాన్ని సదుద్దేశం అనరాదని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ నియమాన్నే నిలుపుకుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్ కూడా, పైకి యజమానిలా కనిపించేవారి దగ్గర కొన్నవారికి రక్షణ దక్కాలంటే సదుద్దేశం ఒక్కటే చాలదనీ, అమ్మేవారికి హక్కుందో లేదో తగినంత విచారించి ఉండాలనీ అంటుంది.

దీన్ నేర్పేదీ ఈ రెండింటినీ కలిపే. సహీహ్ బుఖారీ గ్రంథం నియ్యత్ గురించిన హదీసుతో మొదలవుతుంది. అలాగే ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరా 282వది, గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తుంది. మనసు మంచిదైతే కాగితం ఎందుకు అనే మాటకు అక్కడే జవాబుంది. జకాత్ ఎవరికి చెందాలో సూరా తౌబా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. ఎవరు ఏ వర్గంలోకి వస్తారో చూసి ఇవ్వడం కూడా ఇబాదత్‌లో భాగమే.

ఈ జాగ్రత్త లేకపోతే నష్టపోయేది మన పిల్లలే. బడి రిజిస్టర్‌లో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మహమ్మద్’. ఒక కాగితంలో ‘షేక్’ పేరుకు ముందుంటే ఇంకోదానిలో వెనుక. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయినా పేర్లు కలవక దరఖాస్తు ఆగిపోతే ఆ ఏడాది ఫీజు తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. బడిలో చేర్చిన రోజే పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత తేల్చేటప్పుడు 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తారు. పెద్దయ్యాక పాత బడి చుట్టూ తిరిగేకన్నా ఏటా ఒక బోనఫైడ్ తీసుకుని దాచుకోవడం సులువు.

దాతలకు ఒక విన్నపం. మీరిచ్చే ప్రతి రూపాయి మా చేతిలో అమానత్. రసీదు అడగండి, లెక్క అడగండి. అడిగితే అనుమానించారని మేము అనుకోము. అలాగే మేము కాగితాలు అడిగినప్పుడు ఏ పిల్లా తలదించుకోకుండా చూడటం మా పూచీ. కాగితం తేలేని అనాథ ఉంటే తిప్పి పంపము. ఇంటికి వెళ్లి, ఇరుగుపొరుగును విచారించి, బడికి వెళ్లి కనుక్కుంటాము.

అల్లాహ్ మనకు నేక్ నియ్యత్‌ను, దానికి తగ్గ మెలకువను ప్రసాదించాలని దుఆ చేద్దాం. ఆమీన్.