రెండు జడల అమ్మాయి
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఓ పావుగంట మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. నేను డాక్టర్ని కాను, గుండె ఆపరేషను చేయించుకున్న మనిషిని. గుండె గురించి చెబుతానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నేను జుట్టు గురించి చెబుతాను. నవ్వకండి. ఆపరేషనుతో బాగుపడిన నా గుండె ఈ జుట్టు మూలంగానే మళ్ళీ ప్రమాదంలో పడింది.

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం సంక్రాంతికి మన బ్యాచ్ అంతా ఇక్కడ కలుసుకుంది. నేను రాలేదు. జ్వరమని ఫోన్ చేశాను. నిజానికి జ్వరం లేదు. చీర కట్టుకుని, బయలుదేరబోతూ అద్దంలో చూసుకుని, మళ్ళీ మంచం మీద కూర్చుండిపోయాను.

మా బ్యాచ్ వాళ్ళకు నేను పేరుతో కంటే జడలతోనే ఎక్కువ గుర్తు. నడుము దాటిన జుట్టు. రోజూ పొద్దున్నే అమ్మ కొబ్బరినూనె రాసి, రెండు జడలు అల్లి, పైకి మడిచి రిబ్బన్లు కట్టేది. లెక్కల మాస్టారు నా పేరు మరిచిపోతే “ఆ రెండు జడల అమ్మాయి” అనేవారు. వెనక బెంచీ వాళ్ళు నా రిబ్బన్లను బెంచీకి కట్టేస్తే, ప్రశ్నకు జవాబు చెప్పడానికి లేవబోయి పడినంత పని అయింది. కట్టినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను. వాళ్ళలో ఇద్దరికి ఇప్పుడు దువ్వెనతో పనే లేదు.

ఎనిమిదో తరగతిలో నాకు గొంతునొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గుతుండగా చీలమండ వాచింది. ఎదిగే పిల్లలకు వచ్చే నొప్పులే అనుకున్నారు ఇంట్లో. తైలం రాశారు, తగ్గింది, అందరం మరిచిపోయాం. అది రుమాటిక్ జ్వరమని, కీళ్ళను వదిలినా గుండెను వదల్లేదని యాభై దాటాక తెలిసింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వెళితే, ఎకో పరీక్షలో మైట్రల్ వాల్వు బిగుసుకుపోయి దారి ఇరుకైందని తేలింది. ఆ సంక్రాంతికి ముందు వచ్చిన ఆషాఢంలో ఛాతీ తెరిచి, పాడైన వాల్వు తీసేసి, మెటల్ వాల్వు అంటారే, అది పెట్టారు. రాత్రిపూట ఇల్లు సద్దుమణిగాక అది టిక్కు టిక్కుమనడం నాకు వినిపిస్తూ ఉంటుంది.

ఆ వాల్వు మీద రక్తం గడ్డకట్టకూడదు. అందుకని బతికున్నన్నాళ్ళూ రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. అది సరిపోతోందా లేదా అన్నది ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చెబుతుంది. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. నాకు 2.5కూ 3.5కూ మధ్య ఉండాలన్నారు. తగ్గితే గడ్డ కట్టే ప్రమాదం, పెరిగితే రక్తస్రావం ప్రమాదం. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. బడిలో లాగే శ్రద్ధగా మొదలుపెట్టాను.

దసరా వెళ్ళింది. ఒకరోజు తలస్నానం చేస్తుంటే నీళ్ళు పోయే తూము పూడిపోయింది. చూస్తే జుట్టు, పిడికెడు. మర్నాడు దిండు మీద. తరవాత అన్నం కంచంలో. పనిమనిషి ఊడ్చి, చేటలో ఉండలా చుట్టిన జుట్టును నాకు చూపించకుండా చీరకొంగు చాటున పట్టుకెళ్ళేది. దీపావళి నాటికి పాపిట రెండువేళ్ళ వెడల్పయింది. బొటనవేలంత లావున్న జడ తోక మిగిలింది.

ఛాతీ మీద జానెడు గాటు చూసుకున్నప్పుడు ఏడవలేదు నేను. దీనికి ఏడ్చాను. ఎవరితో చెప్పినా ఒకటే మాట. “ప్రాణం దక్కింది, జుట్టుదేముంది?” అన్నవాళ్ళంతా నా మేలు కోరినవాళ్ళే. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ అది విన్నాక నేను ఇంక ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. డాక్టరు గారితో కూడా. ఆరు గంటలు నిలబడి ఆపరేషను చేసిన మనిషి దగ్గరకు వెళ్ళి “జుట్టు రాలుతోందండీ” అంటే ఏమనుకుంటారోనని సిగ్గు.

డాక్టర్ని అడగలేదు కానీ మిగతా లోకాన్నంతా అడిగాను. పక్కింటి పిన్నిగారు మునగాకు, కరివేపాకు కలిపి రోజూ రసం తాగమన్నారు. మా మరదలు బయోటిన్ మాత్రలు తెచ్చింది. మందార నూనె, ఉల్లిపాయ రసం అన్నీ అయ్యాయి. ఒకరోజు గుండె మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం తీసి, భూతద్దం పెట్టి చదివాను. దుష్ఫలితాల జాబితాలో ‘జుట్టు రాలడం’ అని ఉంది. దొంగ దొరికాడనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టాను. మావారికి తెలియకుండా, మానేసిన రోజు మాత్రను కాగితంలో చుట్టి పారేసేదాన్ని. చదువుకున్నదాన్ని, నోట్‌బుక్కులో అన్నీ రాసుకున్నదాన్ని. అయినా చేశాను. మూడు వారాలు.

నెలవారీ పరీక్షకు వెళ్ళినప్పుడు ఐ.ఎన్.ఆర్. 1.4 వచ్చింది. కాగితం చూసిన డాక్టరు గారి ముఖం మారిపోయింది. అప్పటికప్పుడు చేర్చుకున్నారు. వాల్వు మీద గడ్డ ఏర్పడిందేమోనని ఎకో తీశారు. ఐ.ఎన్.ఆర్. పెరిగే దాకా పొట్ట మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. నా అదృష్టం బాగుండి గడ్డ కట్టలేదు. కట్టి ఉంటే వాల్వు రెక్కలు కదలకుండా ఆగిపోయేవి, లేదా ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతం వచ్చేది. ఆ రాత్రి ఆస్పత్రి మంచం మీద వాల్వు చప్పుడు వింటూ పడుకున్నాను. అంతకుముందు దాన్ని విసుక్కునేదాన్ని.

మర్నాడు డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చుని, “ఎందుకమ్మా మానేశారు?” అని అడిగారు. చెప్పాను. నవ్వలేదాయన. “ఈ మాట జుట్టు రాలడం మొదలైనప్పుడే నాకు చెప్పాల్సింది. మేమూ అడిగి ఉండాల్సింది” అన్నారు. చర్మవ్యాధుల డాక్టరు గారి దగ్గరకు పంపించారు. వాళ్ళిద్దరూ చెప్పింది నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను.

తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. పదింట తొమ్మిది వంతుల దాకా ఎప్పుడూ పెరుగుతూ ఉంటాయి. మిగిలినవి విశ్రాంతిలో ఉండి, రెండు మూడు నెలలకు ఊడి, కొత్తవాటికి చోటిస్తాయి. అందువల్ల రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. పెద్ద ఆపరేషను, తీవ్రమైన జ్వరం, కాన్పు వంటివి వచ్చినప్పుడు ఒంటికి దెబ్బ తగిలి, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. అవన్నీ రెండు మూడు నెలల తరవాత కలిసికట్టుగా రాలతాయి. టైఫాయిడ్ తగ్గాక జుట్టు ఊడటం, బాలింతలకు జుట్టు ఊడటం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అదీ ఇదీ ఒకటే. ఆషాఢంలో తగిలిన దెబ్బ దసరాకు బయటపడిందన్నమాట. కుదురు చావదు కనుక ఇది చాలావరకు ఆరు నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది.

రెండో కారణం మందులు. రక్తం పలచబరిచే మాత్రలు కొందరికి జుట్టు రాలుస్తాయి. గుండె వేగం తగ్గించడానికి ఇచ్చే బీటా బ్లాకర్లు కూడా. నాకు పొట్ట మీద ఇచ్చిన ఇంజెక్షను కూడా ఆ కోవలోదేనట! ఈ మధ్య వచ్చిన కొత్త రకం రక్తం పలచబరిచే మాత్రలకు మార్చమని బతిమాలాను. మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకు అవి పనికిరావని చెప్పారు. ఆ మాత్ర ఉండాల్సిందే. బీటా బ్లాకరు మోతాదు మాత్రం నా గుండె వేగం చూసి డాక్టరు గారే తగ్గించారు. రక్తంలో ఇనుము నిల్వ, థైరాయిడ్ పరీక్ష చేయించారు. థైరాయిడ్ బాగుంది. ఇనుము బాగా తక్కువగా ఉంది. దానికి మందిచ్చారు.

ఇక నా ఇంటివైద్యాల సంగతి. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. నా మాత్ర పనిచేసేది ఆ విటమిన్‌కు వ్యతిరేకంగానే. రోజూ గ్లాసెడు ఆకురసం తాగితే మాత్ర బలం తగ్గుతుంది. ఆకుకూరలు మానమనలేదు. గోంగూర తినవచ్చు, తోటకూర తినవచ్చు, ఒక వారం విపరీతంగా, మరో వారం అసలు లేకుండా కాక, ఎప్పుడూ ఇంచుమించు ఒకే కొలతలో తినమన్నారు. బయోటిన్ సంగతి విని ఆశ్చర్యపోయాను. పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయట. గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష అందులో ఒకటి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే ఈ హెచ్చరిక చేసింది. జుట్టు కోసం వేసుకునే మాత్ర గుండెపోటును దాచిపెట్టగలదు. జుట్టుకు రాసే మినాక్సిడిల్ ఉంది కదా, అది అసలు రక్తపోటు తగ్గించడానికి పుట్టిన మందు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు దాన్ని సొంతంగా కొని వాడకూడదు.

ఇంటికొచ్చి మాత్ర మళ్ళీ సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టాను. జుట్టు రాలడం మాత్రం వెంటనే ఆగలేదు. ఆ సంక్రాంతికి నేను రాకపోవడం అందుకే. సవరం పెట్టుకుని చూశాను, పట్టుకోవడానికి జుట్టు లేదు. విగ్గు పెట్టుకుని చూశాను, మన ఎండలకు చెమట పట్టి గంటసేపు ఉంచుకోలేకపోయాను. చివరికి మాఘమాసంలో మా అమ్మాయి నన్ను పార్లరుకు తీసుకెళ్ళి, మెడ దాకా కత్తిరింపించింది. ఆ తోకజడ కింద పడగానే ఏడుస్తాననుకున్నాను. తల తేలికైంది. పలచగా ఉన్న జుట్టు పొట్టిగా ఉంటే కాస్త నిండుగా కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. అప్పటినుంచి బిగించి దువ్వడం, తడిజుట్టును చిక్కు తీయడం మానేశాను.

గుడిలో ఒకావిడ “కొండకు వెళ్ళొచ్చారా?” అని అడిగింది. కొండ మీద కల్యాణకట్టలో మన ఆడవాళ్ళు ఎంతమంది సంతోషంగా తలనీలాలు ఇస్తారో మీకు తెలుసు. గుండుతో కిందికి దిగిన మనిషిని చూసి ఎవరూ జాలిపడరు. తనంతట తాను ఇచ్చింది కనుక. నా జుట్టును నేను ఇవ్వలేదు, నా దగ్గర్నుంచి పోయింది. బాధ అక్కడ ఉంది. అంతసేపు వివరించే ఓపిక లేక ఆవిడతో “లేదండీ, గుండె ఆపరేషను అయింది” అన్నాను. ఆ మాట బయటివాళ్ళతో దాచకుండా అనడం అదే మొదటిసారి. ఆవిడ నా పక్కన కూర్చుని, తన చెల్లెలికి కూడా వాల్వు మార్చారని చెప్పింది. ఆ చెల్లెలితో నేను ఇప్పటికీ ఫోనులో మాట్లాడుతుంటాను. ఐ.ఎన్.ఆర్. ఎంత వచ్చిందో ఒకరికొకరం చెప్పుకుంటాం.

వేసవికి పాపిట పక్కన చిన్న చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపించాయి. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు కంటే పెద్దగా పెరగదు. ఏడాదిన్నర పట్టింది ఇదిగో, ఇంత రావడానికి. పోయినదంతా రాలేదు. మాత్ర జీవితాంతం ఉంటుంది కనుక రాకపోవచ్చు కూడా. రెండు జడలు ఇంక లేవు. ఒక క్లిప్పుకు సరిపోయే జుట్టు ఉంది.

మీలో గుండె ఆపరేషను అయినవాళ్ళు, స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఉన్నారని తెలుసు. మీకు నా మనవి ఒక్కటే. జుట్టు రాలినా, ఇంకేం జరిగినా మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. ఆ బాధను అలాగే తీసుకెళ్ళి డాక్టరు గారి బల్ల మీద పెట్టండి. వేసుకునే ప్రతి మాత్ర, తాగే ప్రతి కషాయం చెప్పండి. ఇంట్లోవాళ్ళకు కూడా ఒక మాట. “జుట్టుదేముంది” అనకండి. “డాక్టర్ని అడుగుదాం, నేనూ వస్తాను” అనండి.

చివరగా, ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు. గొంతునొప్పి వచ్చిన కొన్నాళ్ళకు ఒక పిల్లో పిల్లాడో కీళ్ళ నొప్పులతో డ్రిల్లు పీరియడులో పరుగెత్తలేనంటే, సాకు అనుకోకండి. డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు కబురు చేయండి. రుమాటిక్ జ్వరమని అప్పుడే తెలిస్తే మూడు నాలుగు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షనుతో అది తిరగబెట్టకుండా కాపాడవచ్చు. నా మోకాళ్ళు చూసి ఎవరైనా ఆ మాట అని ఉంటే ఈ ప్రసంగం అవసరమయ్యేది కాదేమో.

సభ అయ్యాక మన బ్యాచ్ ఫొటో ఉందన్నారు. ఈసారి ముందు వరసలోనే నిలబడతాను. రిబ్బన్లు కట్టినవాళ్ళు ధైర్యంగా నా వెనక నిలబడవచ్చు, ఇప్పుడు కట్టడానికేమీ లేదు.