పట్టులో నేసిన విరహం

మన పట్టుచీరల అంచులమీద మామిడిపిందెలు బారులు తీరి ఉండడం అందరమూ ఎరిగినదే. అందానికి వేసిన రూపమని చూచి ఊరుకుంటాము. ఇట్టి రూపమే పారసీక వస్త్రాలలోనూ కలదు. దానిని వారు ‘బొతే’ అంటారు. గాలికి కొన వంచిన సైప్రస్ వృక్షమే దానికి మూలమని కొందరు పండితుల ఊహ. గోలకొండ సుల్తానుల కాలంలో పారసీకంతో సాగిన వర్తకంవల్ల ఆ వృక్షం మన మచిలీపట్నం కలంకారీ అద్దకాలలోకి కూడ వచ్చి చేరినది.

పారసీకులకు ఈ రూపాలు ఒట్టి అలంకారాలు కావు. సైప్రస్ ఏ ఋతువులోనూ ఆకు రాల్చి మోడుగా నిలువదు. అందుచేత కవులు ప్రియురాలి నిలువెత్తు సొగసును దానితో పోల్చినారు. ఫలభారంతో తల వంచదు గనుక దానిని స్వేచ్ఛకు గురుతుగా చెప్పినారు. గులాబి ప్రియురాలు, దాని ముందు పాడే బుల్బుల్ పిట్ట ప్రియుడు. కావ్యాలలోని ఈ సంకేతాలే పట్టుమీదికి దిగినవి.

సఫావీ వంశంవారు 1501 నుండి 1736 వరకు పారసీకాన్ని ఏలినారు. పదునారవ శతాబ్ది చివర యజ్ద్ నగరంలో గియాసుద్దీన్ అలీ అనే కళాకారుడుండేవాడు. అతని బిరుదు ‘నక్ష్‌బంద్’, అనగా రూపాన్ని కట్టేవాడు. ఆ మాట అక్షరాలా నిజం. కాగితంమీది బొమ్మను, పడుగుపోగులను లేపే దారాలలో ముడులుగా కట్టాలి. మగ్గంపైన కూర్చున్న కుర్రవాడు ఆ దారాలను వరుసగా లాగుతూ ఉంటే, క్రింద నేతగాడు పేక నేస్తాడు. ఒకసారి కట్టిన బొమ్మ వస్త్రం పొడవునా మరల మరల దిగుతుంది.

గియాసు సంతకంతో నేటికీ మిగిలిన పట్టుగుడ్డలలో లైలా మజ్నూల గాథ ఉన్నది. నిజామీ మహాకవి 1188లో కావ్యంగా రచించిన కథ అది. లైలా ఒంటెమీది డోలీలో కూర్చున్నది. మజ్నూ చిక్కి శల్యమై, మొలగుడ్డతో అడవిమృగాల నడుమ ఉన్నాడు. మగ్గం ధర్మంవల్ల ఆ ఎడబాటు ఒక వరుసలో ముగియక, మరుసటి వరుసలో మరల మొదలవుతుంది.

ఇంత ఖరీదైన పట్టు ధరించగలవారు ప్రభువులు, ధనికులు. దానిమీద ఉన్నవాడు మాత్రం కట్టుబట్టలు కూడ విడిచిన పిచ్చివాడు! ఇందులో వైపరీత్యం లేదు. మజ్నూ ఆర్తిని సూఫీలు భగవంతునికై జీవుడు పడే ఆర్తిగా భావించినారు. వైభవంతో కొనజాలనిది ఒకటున్నదని, ఆ వైభవమే తన ఒంటిమీద వ్రాసుకొన్నది.

ఆ గుడ్డలు కట్టినవారి పేర్లు మనకు తెలియవు. గియాసు పేరు మాత్రం ఆ బొమ్మలోనే, పట్టుపోగులలో నిలిచి ఉన్నది.