మనది కాని ఇంటిలో రెండు కుండలు



ప్రకృతికి హాని కలుగకుండ ఇల్లు నడుపుకొనుటనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఈ విషయమున నేను పండితుడను కాను. దస్త్రముల నడుమ కాలము గడపినవాడను. అయినను ఇరువది యేండ్లుగా ఢిల్లీలో ప్రభుత్వ గృహములందే కాపురము చేయుచున్నాను గనుక, మనవంటివారి ఇండ్లలో ఈ పని ఎచ్చట చిక్కుపడునో కొంత యెరుగుదును.

చిక్కంతయు ఒక్క మాటలో నున్నది: "ఈ ఇల్లు మనది కాదు గదా!" నేడో రేపో బదిలీ యుత్తరువు వచ్చును. చెట్టు నాటినచో నీడ ఎవరికో! మా వంటయింటి కుళాయి ఆరు నెలలు బొట్టుబొట్టుగా కారినది. నీటి రుసుము నెలకింతయని జీతములో కోతపడునదే గనుక నేను పట్టించుకొనలేదు. ఒకనాటి రాత్రి నా భార్య దానిక్రింద బకెట్టు పెట్టినది. తెల్లవారునప్పటికి సగమునకు పైగా నిండినది. ఆ నీళ్లే కాచి నాకు స్నానమునకు తోడినది గాని, ఒక్క మాటయు అనలేదు. ఢిల్లీకి నీరు యమునవలననే గాక గంగనుండియు, భాక్రానుండియు కూడ వచ్చుచున్నది. అంత దూరము నడచివచ్చిన నీరు మా తూములో పోవుచుండెను. ఆ సాయంకాలమే వాషరు కొనితెచ్చి వేయించితిని. దాని వెల చెప్పుటకు సిగ్గగుచున్నది.

ఇక చెత్త సంగతి. నగరమునకు తూర్పున గాజీపూరు చెత్తకొండను మీరందరును చూచియే యుందురు. 2017 సెప్టెంబరు 1వ తేదీన దానిలో కొంత భాగము విరిగిపడి ఇద్దరు మరణించిరి. 2022లోను, 2024లోను అది అంటుకొని పొగలు గ్రక్కినది. తడిచెత్త గాలి సోకక క్రింద కుళ్లినచో మీథేను అను మండెడి వాయువు పుట్టును. అనగా ఆ మంటలో మన కూరతొక్కలకును పాలున్నది. తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయవలెనని 2016 నాటి నియమములే విధించినవి. మేమును వేరుచేసి యిచ్చితిమి. బండివాడు రెంటిని ఒకటిగా కలిపి తీసికొనిపోయెను. అప్పుడు తడిచెత్త గడప దాటకుండుటయే మేలని తోచినది.

రెండు పెద్ద మట్టికుండలు కొని, చుట్టును రంధ్రములు చేయించి, ఇటుకలమీద పెట్టితిమి. అడుగున ఎండుటాకులు, పైన గుప్పెడు తొక్కలు, వానిపై రెండు గుప్పెళ్లు మరల ఆకులు. వసంతమున మన వేపచెట్లు రాల్చు ఆకులను ఊడ్చి తగులబెట్టువారు కలరు. మేము వానిని బస్తాలకెత్తి సంవత్సరమునకు సరిపడ దాచుకొంటిమి. మొదట పులిసిన మజ్జిగ కొంచెము చిలుకరించితిమి. వాసన వచ్చినచో తడి యెక్కువయినదని తెలిసికొని ఆకులు వేసి కలియబెట్టవలెను. ఒక కుండ నిండినపిదప దానిని ముట్టక రెండవదానిని మొదలుపెట్టవలెను. వేసవిలో రెండు మూడు నెలలకు నల్లని యెరువు చేతికి వచ్చును, చలికాలమున ఆలస్యమగును. నేను చేసిన తప్పును కూడ చెప్పవలెను: ఆవకాయ టెంకలు వేసితిని. ఉప్పునకు, నూనెకు ఆ కుండంతయు చెడినది. తెలుగువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను!

తక్కినవి చిన్నవి. నీరు శుద్ధిచేయు ఆర్వో యంత్రము ఒక బిందె మంచినీటికి రెండు మూడు బిందెలు బయటికి విడుచును. వానిలో లవణములు హెచ్చు గనుక మొక్కలకు పోయక, నేల తుడుచుటకును అంట్లు నానవేయుటకును వాడుచున్నాము. మొక్కలకు బియ్యము కడిగిన నీళ్లు చాలును. 2020 నుండి స్టార్ గుర్తు గల ఏసీ యంత్రములు 24 డిగ్రీలకు అమర్చబడియే వచ్చుచున్నవి. దానిని 18కి దించి కంబళి కప్పుకొనువారితో నేను వాదింపను. మా ఇంటిలోనే అట్టివాడొకడు కలడు. వట్టివేళ్ల తడిక, గాలి పొడిగానున్న మే, జూను నెలలలో మాత్రమే చల్లదన మిచ్చును; వానలు పడినపిదప పనికిరాదు.

గత సంవత్సరము మేము ఇల్లు మారవలసివచ్చినది. ఖాళీచేయునప్పుడు పంకాలు, దీపములు, తాళపుచెవులు లెక్కించి సంతకము చేయుట మీకు తెలిసినదే. ఆ పట్టికలో కుండలకు గడి లేదు. వానిని అచ్చటనే యుంచి, క్రొత్తగా వచ్చిన ఒరియా కుటుంబమువారికి నా భార్య నోటిమాటగా అప్పగించినది. వారు ఇప్పుడు దానిలో బెండ, గోంగూర వేసినారట. గోంగూర విత్తులు మావే.