కుస్తీ వినోదము - దాని వెల

కుస్తీని చూచుటకు వెల యిచ్చుట మనకు క్రొత్త గాదు. కోడి రామమూర్తినాయుడుగారి బలప్రదర్శనలను టిక్కెట్టు కొని డేరాలో చూచినవారును, దారాసింగు, కింగ్ కాంగుల కుస్తీలకై మైదానములకు పరుగిడినవారును మన పెద్దలలో నుండిరి. ఆ దినములలో లెక్క సులభము. ద్వారము కడ టిక్కెట్టు కొన్నవాడు లోనికి పోవును. కొననివాడు వెలుపల నిలిచి కేకలు వినును. నేడు అమెరికాదేశపు ప్రదర్శన కుస్తీకి ఆ ద్వారము గోదా కడ నున్నదానికంటె మన యింటి గోడకు వ్రేలాడు టెలివిజను పెట్టె యందే యెక్కువగా నున్నది. ఆ ద్వారము కడ సొమ్ము పుచ్చుకొనువా రెవరు, అది యెవరెవరికి ముట్టును, ఇచ్చినవానికి మిగులున దేమి అను విషయమును గూర్చి శ్రోతలకు కొంత మనవి చేయదలచితిమి.

ముందుగా ఒక సంగతి తెలిసికొనవలయును. ఈ కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయింపబడి యుండును. ఇది రహస్యమేమియు గాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్రమున క్రీడలపై నుండు సర్కారు అదుపును, పన్నును తప్పించుకొనుటకై వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వారే తమది వినోదము గాని పోటీ కాదని చట్టసభవారికి చెప్పుకొనిరి. కావున దీనిని పందెముగా గాక నాటకముగా నెంచవలయును. అయినను పడినవాని వీపునకు తగులు దెబ్బ నిజము. ప్రేక్షకుడు చెల్లించు డాలరును నిజమే.

ఇంటికి చేరుటకు ముందు ఈ నాటకము సినిమాహాళ్లకు చేరినది. 1983 నవంబరులో ఉత్తర కరొలినా రాష్ట్రమందలి గ్రీన్స్‌బరో పట్టణమున జిమ్ క్రాకెట్టు సంస్థవారు స్టార్‌కేడ్ అను ప్రదర్శన జరిపి, దానిని అదే వేళకు ఇతర పట్టణములలోని హాళ్లలో పెద్ద తెరలపై చూపి టిక్కెట్లమ్మిరి. 1985 మార్చి 31వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విన్స్ మెక్‌మాన్ గారు జరిపిన మొదటి రెజిల్‌మేనియా కూడ ప్రధానముగా ఈ రీతినే దేశమంతటికి చేరినది. ఒక గోదాకు వేయి ద్వారములు పెట్టినట్లాయెను.

ఆ పిమ్మట వచ్చినది పే-పర్-వ్యూ పద్ధతి. చూచినదానికి మాత్రమే వెల యిచ్చుట యని దీని భావము. కేబుల్ తీగ ద్వారా వచ్చు బొమ్మ చెదరిపోయి కనబడకుండునట్లు చేసి పంపెదరు. ప్రేక్షకుడు తన కేబుల్ కచేరీకి టెలిఫోను చేసి ఆ ప్రదర్శన కావలయునని కోరగా, వారు అతని యింటి పెట్టెకు మాత్రము ఒక సంకేతము నంపుదురు. అప్పుడు బొమ్మ కుదురుకొనును. వెల ఆ నెల బిల్లులో కలియును. 1985 నవంబరులో రెజ్లింగ్ క్లాసిక్ అను ప్రదర్శనతో ఫెడరేషన్ వారు ఈ మార్గమున అడుగిడిరి. ప్రేక్షకు డిచ్చిన సొమ్ములో దాదాపు సగము కేబుల్ వారికిని, నడుమనుండు పంపకపుదారులకును పోవును. మిగిలిన సగము కుస్తీ సంస్థకు ముట్టును.

ద్వారపాలకునికి సగము పంచియిచ్చినచోట, వాని మొగము చూచియే వ్యాపారము నడుపవలసి వచ్చును. 1987 నవంబరులో ఇది తేటతెల్ల మాయెను. క్రాకెట్టువారు స్టార్‌కేడ్‌ను మొట్టమొదటిసారి పే-పర్-వ్యూ మీద అమ్మదలచిన దినముననే మెక్‌మాన్ గారు సర్వైవర్ సీరీస్ అను క్రొత్త ప్రదర్శనను పెట్టిరి. పైగా స్టార్‌కేడ్‌ను చూపు కేబుల్ వారికి రాబోవు రెజిల్‌మేనియా నీయబోమని కబురంపిరి. కేబుల్ వారిలో అత్యధికులు మెక్‌మాన్ గారి పక్షమునకే మొగ్గిరి. మరుసటి జనవరిలో క్రాకెట్టువారు మరల ఒక ప్రదర్శన అమ్మకమునకు పెట్టగా, అదే రాత్రి రాయల్ రంబుల్ ఉచితముగా చూపబడెను. మార్చిలో క్రాకెట్టువారు బదులు తీర్చుకొని, రెజిల్‌మేనియా నాడు తమ మేటి కుస్తీలను ఉచితముగా చూపిరి. అయినను అప్పటికే వారి బొక్కసము వట్టిపోయినది. 1988 నవంబరులో ఆ సంస్థ టెడ్ టర్నర్ గారి వశమాయెను. ఆ పోరు గోదాలో తేలలేదు. కేబుల్ కచేరీలలో తేలినది.

ఈ అమ్మకపు పద్ధతి కథ చెప్పు తీరును గూడ దిద్దినది. ప్రతి వారము ఉచితముగా చూపు కార్యక్రమము నిజమునకు దండోరా వంటిది. ఇరువురు మల్లులు వారముల తరబడి కయ్యమునకు కాలు దువ్వుదురు, ప్రగల్భములు పలుకుదురు, కాని అసలు తీర్పు మాత్రము వెల యిచ్చిన రాత్రియే. తొలుత ఏటికి నాలుగైదు మారులు జరుగు ఈ పెద్ద పండుగలు, 1995 మే నెలలో 14 డాలర్ల 95 సెంట్ల వెలతో ఇన్ యువర్ హౌస్ అను ప్రదర్శనలు మొదలైన పిదప దాదాపు నెలకొకటి వంతున రాసాగినవి. అమ్మకము బాగుగా నున్నచో పాల్గొన్న మల్లులకు అందులో భాగము ముట్టు ఆచార ముండెను. 2012లో మయామీ గార్డెన్స్ నగరమున రాక్, జాన్ సీనాల నడుమ జరిగిన రెజిల్‌మేనియాను 12 లక్షలకు పైగా కొనిరని సంస్థవారు ప్రకటించిరి. ఎవనిని చూచుటకు జనము సొమ్మిచ్చిరో ఆ లెక్క పిదప తెలియును. మల్లునికి తన వెల యడుగుటకు అదియొక ఆధారము.

2014 ఫిబ్రవరి 24వ తేదీన ఈ పద్ధతికి తొలి గండి పడినది. అప్పటికి డబ్ల్యు.డబ్ల్యు.ఇ. యని పేరు మార్చుకొనియున్న ఆ సంస్థవారు తమ స్వంత నెట్‌వర్కును అంతర్జాలము మీద స్థాపించిరి. నెలకు 9 డాలర్ల 99 సెంట్లు. అందులో నెలనెలా పెద్ద ప్రదర్శన, వేల గంటల పాత కుస్తీలు అన్నియు కలిసి యుండును. లెక్క చూడుడు. ప్రదర్శన ఒక్కింటికి 45 డాలర్ల వంతున ఏడాదికి పండ్రెండు కొను అభిమాని అంతకు మునుపు 540 డాలర్లు వెచ్చించెడివాడు. క్రొత్త పద్ధతిలో వానికి 120 డాలర్లే చాలును. కేబుల్ వారికి సగము పంచవలసిన పని తప్పినను, పాత రాబడి నిలువవలె నన్నచో క్రొత్త చందాదారులు లక్షలకొలది చేరవలయును. రెజిల్‌మేనియా మరునాటికి 6,67,287 మంది చేరినట్లు ప్రకటన వెలువడెను. మే నెలలో, టెలివిజను ఒప్పందమును ఆశించిన మేర రాక, చందాల లెక్కయు చాలక, సంస్థ వాటాల ధర ఒక్క దినమున 40 శాతమునకు పైగా పడిపోయెను. చందాదారులు 10 లక్షలు దాటుటకు 2015 జనవరి వచ్చినది. ఇదే దారిని జపానులో న్యూ జపాన్ సంస్థవారు 2014 డిసెంబరులో నెలకు 999 యెన్ల చందాతో పట్టిరి.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. విడిగా అమ్మునప్పుడు ప్రేక్షకుని ఒక్క రాత్రికి రప్పించిన చాలును. చందాలో అతడు నెల తిరిగినను మానుకొనకుండ చూడవలయును. అందువలన ఒక మేటి మల్లుని కంటె, ఎన్నడును ఎండని ఊటవంటి సరకు ముఖ్యమగును. ఏ మల్లుని వలన ఎందరు చేరిరో విడదీసి చెప్పు మార్గము సన్నగిల్లును. వెల యడుగుటకు మల్లుని చేతనున్న పాత ఆధారము ఆ మేరకు బలహీనపడును.

మూడవ మలుపు 2021లో వచ్చినది. అమెరికాలో తమ నెట్‌వర్కును తాము నడుపుట మాని, దాని సరకంతటిని ఎన్.బి.సి. యూనివర్సల్ వారి పీకాక్‌కు అయిదేండ్లకు ఇచ్చివేసిరి. ఆ ఒప్పందపు విలువ 100 కోట్ల డాలర్లకు పైబడినదని పత్రికలు వ్రాసినవి. ప్రకటనలతో చూచువారికి చందా 4 డాలర్ల 99 సెంట్లకు దిగెను. ప్రేక్షకుడు సంతసించెను. 2024 జనవరిలో రా అను వారపు కార్యక్రమమును పదేండ్లకు నెట్‌ఫ్లిక్సుకు 500 కోట్ల డాలర్లకు పైగా విక్రయించిరి. 2025 జనవరి 6వ తేదీన అచ్చట ప్రసారము మొదలైనది. 2025 ఆగస్టులో అమెరికాలో పెద్ద ప్రదర్శనల హక్కులు ఇ.ఎస్.పి.ఎన్. వారికి పోయినవి, సెప్టెంబరు 20వ తేదీననే అచ్చట తొలి ప్రదర్శన వచ్చినది. కేబుల్ చందా లేనివానికి దాని వెల నెలకు 29 డాలర్ల 99 సెంట్లు. నాలుగున్నర యేండ్లలో చందా ఆరు రెట్లయినది. పైగా రా ఒకచోట, స్మాక్‌డౌన్ వేరొకచోట, పెద్ద ప్రదర్శనలు ఇంకొకచోట నుండుటచే, అన్నియు కావలసినవాడు మూడు ద్వారముల కడ మూడు మారులు సొమ్ము చెల్లింపవలసి వచ్చెను.

ఇందలి మార్పును గమనింపుడు. పూర్వము కుస్తీ సంస్థకు కొనుగోలుదారు ప్రేక్షకుడే. అతనికి విసుగు పుట్టినచో ఆ నెలయే గల్లాపెట్టె చెప్పెడిది. ఇప్పుడు సొమ్ము పదేండ్లకు ముందే నిశ్చయమైనది. కొనుగోలుదారు నెట్‌ఫ్లిక్సు వంటి మహాసంస్థ. ప్రేక్షకు డలిగినను ఆ వార్త గోదాకు చేరుటకు చాల కాలము పట్టును. వర్తకునికి ఇది నిశ్చింత. రసికునికి ఇది కొంత నష్టము.

మన దేశమున కుస్తీకి విడి వెల పద్ధతి ఎన్నడును వేరూనలేదు. అమెరికాలో డాలర్లు పోసి కొన్న ప్రదర్శనలను మన యిండ్లలో టెన్ స్పోర్ట్సు, ఆ పిదప సోనీ ఛానళ్లలో కేబుల్ చందాతోనే పిల్లలు తెల్లవారుజామున లేచి చూచిరి. ఆ ఆదరణకు గురుతుగా 2023 సెప్టెంబరు 8వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణమున జాన్ సీనా స్వయముగా కుస్తీ పట్టెను. 2025 ఏప్రిలు 1 నుండి మన దేశమునందును ఈ సరకు నెట్‌ఫ్లిక్సుకు మారినది. కేబుల్ తీగ గల యింట అందరును కూర్చుండి చూచిన దానికి ఇప్పుడు వేరు చందాయు, మంచి అంతర్జాల వసతియు కావలయును. చందా కట్టగలిగిన యింటికి సౌకర్యము పెరిగినది. కట్టలేని యింటి పిల్లవానికి ద్వారము మూతపడినది.

ఇంకొక విషయము మరింత ఆలోచింపదగినది. టర్నర్ గారి డబ్ల్యు.సి.డబ్ల్యు. సంస్థను 2001 మార్చిలో ఫెడరేషన్ వారు కొనినప్పుడు దాని పాత చిత్రములును వారి వశమైనవి. ప్రత్యర్థి చరిత్రయు నేడు గెలిచినవాని బీరువాలోనే యున్నది. 2021లో సరకు పీకాక్‌కు మారినప్పుడు జాత్యవమానకరములైన కొన్ని భాగములు తొలగింపబడెను. 1990 నాటి రెజిల్‌మేనియాలో రోడ్డీ పైపర్ తన దేహమున సగమునకు నల్లరంగు పూసికొని చేసిన కుస్తీ అట్టిది. ఆ వేషము నింద్యమే. అందు సందేహము లేదు. కాని జరిగినదానిని జరుగలేదన్నట్లు తుడిచివేయు అధికారము బీరువా తాళముతో పాటు వచ్చిన దనుట గమనింపవలయును. టేపు కొన్నవాని యింట ఆ టేపు నిలుచును. చందా కట్టినవాని యింట, చందా ముగిసిన రాత్రి ఏమియు నిలువదు.

ఇట్లు చెప్పుటచే పాత పద్ధతియే మేలని మా తాత్పర్యము గాదు. ఒక్క రాత్రికి 60 డాలర్లు పెట్టలేని కార్మికుని యింటికి చందాయే కుస్తీని చేర్చినది. 2019లో పుట్టిన ఏ.ఇ.డబ్ల్యు. సంస్థ మాత్రము తన పెద్ద ప్రదర్శనలను 2025లోను దాదాపు 50 డాలర్లకు విడిగా అమ్ముచునేయున్నది. అభిమాని ఆ రాత్రి విలువ తానే తూచి కొనును, నచ్చనిచో మానును. రెండు పద్ధతులకును వాని వాని ధర్మములు గలవు.

కావున గృహస్థులు ఈ క్రొత్త ద్వారముల కడ సొమ్ము చెల్లించు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ చందాలో మనము నిజముగా చూచున దెంత? మానదలచినచో మానుట సులభమా, లేక మనము మరచినను నెలనెలా బ్యాంకులో సొమ్ము తరుగుచునే యుండునా? ఈ సంవత్సరము ఇచ్చట నున్నది వచ్చు సంవత్సరము ఎచ్చటికి పోవును? మల్లుల గెలుపోటములు ముందే వ్రాయబడి యుండవచ్చును. మన యింటి ఖర్చుపద్దు మాత్రము మనమే వ్రాసికొనవలయును.