చదివి సంతకం పెట్టు



శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. సర్కారు, కంపెనీ కలిసి కట్టినయి. ఇట్లా కలిసి చేసే పనిని భాగస్వామ్యం అంటారు. వ్యవసాయంలోనూ ఇవి ఉన్నాయి. ఆలుగడ్డ సంగతే చూడండి.

తెలంగాణలో జహీరాబాద్ వైపు ఆలుగడ్డ పండిస్తారు. దీనికి గడ్డే విత్తనం. గడ్డను ముక్కలుగా కోసి నాటుతారు. ప్రతి ముక్కకూ కన్ను ఉండాలి. విత్తనం గడ్డలో తెగులుంటే పంటకూ వస్తుంది. ఒక్కోసారి అది పైకి కనపడదు. అందుకే మంచి విత్తనానికి ఖర్చు ఎక్కువ. జహీరాబాద్ రైతులు ఆగ్రా వైపు నుంచి తెప్పించుకుంటారు.

నాటడం, ఏరడం ఎక్కువగా ఆడవాళ్ళ పనే. కాగితం మీద పేరు మాత్రం చాలాచోట్ల మగవాళ్ళది.

2019లో పశ్చిమ బెంగాల్‌లో అమెరికా సర్కారు సంస్థ, పెప్సీకో కంపెనీ కలిసి మహిళా రైతులకు ఆలుగడ్డ సాగు నేర్పే పని మొదలుపెట్టాయి. కొన్ని మహిళా సంఘాలు భూమి కౌలుకు తీసుకుని పండించాయి.

అదే ఏడు గుజరాత్‌లో అదే కంపెనీ కేసు వేసింది. తమ రకం గడ్డను అనుమతి లేకుండా పండించారని రైతులను కోర్టుకు లాగింది. తర్వాత కేసు వెనక్కి తీసుకుంది. 2001 నాటి చట్టం ప్రకారం రైతు తన పంటలో విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ రకం పేరుతో ప్యాకెట్ కట్టి మాత్రం అమ్మకూడదు.

కాబట్టి ఒప్పందం కాగితం వస్తే చదవండి. ధర ఎంత? విత్తనం ఖర్చు ఎవరిది? పంట పోతే నష్టం ఎవరిది? రైతుగా ఎవరి పేరు రాశారు?

అర్థం కాకుంటే సంఘంలో అందరూ కలిసి చదవండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.