ఒక సాయంత్రం - మూడు సభలు

సంగీతోత్సవాల రోజులు వచ్చినప్పుడు మన ఇళ్ళలో ప్రతి సాయంత్రమూ ఒక చిన్న వివాదం తప్పదు. ఇంటాయన ఒక సభకు పోదామంటారు. ఇల్లాలు మరొక సభను గురించి చెబుతారు. మూడవ చోట వీణ ఉన్నదని పిల్లలకు తెలిసి ఉంటుంది. పెద్దవారు మాత్రం ఎక్కడికైనా సరే, మెట్లు తక్కువగా ఉంటే చాలునంటారు. ఈ వివాదం తేలేసరికి ఆరున్నర అవుతుంది. అప్పుడు అందరూ బయలుదేరి, రెండు మూడు సభల గడపలు తొక్కి, ఎక్కడా కుదురుగా కూర్చోకుండానే తొమ్మిదింటికి ఇల్లు చేరుకుంటారు. కాళ్ళనొప్పులు మిగులుతాయి గాని, చెవిలో ఒక రాగం మిగలదు. ఈ సాయంత్రాలను ఏ విధంగా ఏర్పరచుకుంటే సంగీతం మనకు దక్కుతుందో నేడు కొంత ముచ్చటించుకుందాం.

ముందుగా కాలాన్ని గమనించాలి. పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి ఆరాధనదినం. ఆయన 1847 జనవరి 6వ తేదీన తిరువయ్యారులో సిద్ధి పొందారు. పుష్య అమావాస్య పురందరదాసులవారిది. ఫాల్గుణ బహుళ ద్వాదశి 1503లో పరమపదించిన అన్నమాచార్యులవారిది. తరువాత శ్రీరామనవమి పందిళ్ళు ఉండనే ఉన్నాయి. ఈ రెండున్నర నెలలలో జంటనగరాలలో సాయంత్రం ఎక్కడో ఒకచోట తంబురా మ్రోగని రోజు అరుదు. కొన్ని రోజులలో ఒకే వేళకు మూడు నాలుగు చోట్ల మ్రోగుతుంది. చిక్కు అక్కడే వస్తుంది.

ఇక స్థలాన్ని చూద్దాం. చిక్కడపల్లిలో శ్రీ త్యాగరాయ గానసభ 1966లో నెలకొన్నది. అక్కడ ఒకే ఆవరణలో కళా సుబ్బారావు కళావేదిక అనే పెద్ద మందిరమూ, కళా లలిత కళావేదిక వంటి చిన్న మందిరమూ ఉన్నాయి. ఒకదానిలో గాత్ర కచేరీ సాగుతూండగా మరొకదానిలో పుస్తకావిష్కరణో, నృత్యమో, నాటకమో జరుగుతూ ఉంటుంది. చాలా కార్యక్రమాలకు రుసుము లేదు. దాపుననే బాగ్‌లింగంపల్లిలో ఆర్.టి.సి. కళాభవనమూ, సుందరయ్య విజ్ఞానకేంద్రమూ ఉన్నాయి. కొంత దూరం పోగలిగితే, రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరమైన 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి ఉన్నది. నారాయణగూడలోగాని, అశోక్‌నగర్‌లోగాని ఇల్లున్నవారికి ఇంతకంటె భాగ్యం ఏమి కావాలి? అయితే వడ్డించినదంతా తినబోతే ఏ రుచీ తెలియదు.

ఈ సంకటం మనకు మాత్రమే కలిగినది కాదు. ఆఫ్రికా ఖండపు వాయవ్య మూలనున్న మొరాకో దేశానికి రబాత్ రాజధాని. ఆ నగరంలో 2001లో ఒక సంగీతోత్సవం ఆరంభమైంది. దాని పేరు 'మవాజీన్'. నగరం నలుమూలలా, నదికి ఆవలి ఒడ్డునున్న సలే పట్టణంలో కూడా, వేదికలు వేస్తారు. ఒకచోట పాశ్చాత్య గాయకులు, మరొకచోట అరబ్బు గాయకులు, ఇంకొకచోట ఆఫ్రికా వాద్యబృందాలు ఒకే రాత్రి ప్రదర్శన లిస్తారు. కొన్ని చోట్ల రుసుము ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. అక్కడి శ్రోత కూడా మనవలెనే కార్యక్రమపత్రం చేతబట్టుకుని, ఎటు పోదునా అని నిలబడవలసిందే. మవాజీన్ అన్న అరబ్బీ మాటకు తాళగతులు అని ఒక అర్థం, త్రాసులు అని మరొక అర్థం. పేరు పెట్టినవారు ఏ అర్థాన్ని తలచినా, శ్రోతకు మాత్రం రెండవది కూడా అవసరమే. ప్రతి సాయంత్రమూ అతడు ఒక త్రాసు పట్టుకుని తూచుకోవలసి ఉన్నది.

తూనికలో మేము ఒకసారి పొరపడ్డాము. ఆ సంగతి చెప్పుకోవడానికి సంకోచంగానే ఉన్నది గాని, చెప్పకపోతే మా సలహాకు ఆధారం ఉండదు.

ఇరవై ఏళ్ళనాటి మాట. ఆరాధనోత్సవాల రోజులలో ఒక సాయంత్రం ఒక చిన్న మందిరంలో, కోస్తా జిల్లానుండి వచ్చిన ఒక వృద్ధ విద్వాంసుని కచేరీ ఏర్పాటయింది. అదే సాయంత్రం మరొక చోట, పేరు చెబితే అందరూ గుర్తించే గాయకుడొకరు పాడుతున్నారు. రెండూ వినాలని మా ఆశ. మా మిత్రుని తమ్ముడు మాతో వచ్చాడు. అతడు అశోక్‌నగర్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటూండేవాడు. పగలంతా నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని, సాయంత్రం పుస్తకాల సంచీతోనే వచ్చాడు. సంగీతంలో అతనికి ప్రవేశం లేదు.

విద్వాంసుడు వర్ణమూ, రెండు చిన్న కృతులూ పాడి, తోడి రాగం ఎత్తుకున్నారు. తొందరలేని మనిషి. గాంధారాన్ని పట్టుకుని అక్కడక్కడే తిరుగుతున్నారు. మేము గడియారం చూసుకున్నాము. ఏడుంబావు. ఇక లేవకపోతే రెండవ సభ అందదని లేచాము. మా వరుసలోనే మరి నలుగురైదుగురు లేచారు. అందరికీ ఒకటే గమ్యం. ఆ కుర్రవాడు మాత్రం కదలలేదు. "మీరు వెళ్ళిరండి అన్నయ్యా, ఈయన ఎక్కడికి పోతున్నారో నేను చూస్తాను" అన్నాడు.

క్రాస్ రోడ్సు దగ్గర సినిమాకు పోయే జనంలో మా ఆటో అరగంట నిలిచిపోయింది. రెండవ సభకు చేరేసరికి లోపల చోటు లేదు. వసారాలో నిలబడి, తలుపు తెరచినప్పుడు వినిపించినంత వరకు విన్నాము. అది ఒక తిల్లానాలో చివరి భాగమూ, మంగళమూ. తిరిగి వచ్చి చూస్తే కుర్రవాడు మందిరం మెట్లమీద కూర్చుని ఉన్నాడు. "ఆ పాట ఇంకా అవుతూనే ఉన్నట్టుంది" అని మాత్రం అన్నాడు. ఆ ఏడాది తిరగకముందే ఆ విద్వాంసుడు కాలం చేశారు. మా నిలయంలో వెదికితే ఆయన పాడినవి ఒకటి రెండు కృతులు దొరికాయి గాని, తోడి దొరకలేదు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఒక జిల్లాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఎప్పుడు కలిసినా ఆనాటి పాట ప్రస్తావన తెస్తాడు. మాకు చెప్పుకోవడానికి ట్రాఫిక్కు సంగతి ఒక్కటే ఉన్నది.

కొన్నాళ్ళకు ఆనాడు మృదంగం వాయించిన వారు ఒక రికార్డింగుకు వచ్చారు. మేము మా తప్పు ఒప్పుకున్నాము. ఆయన నవ్వి, "పాడేవారు కళ్ళు మూసుకుంటారండీ. వాయించేవాళ్ళం కళ్ళు తెరచుకుని ఉంటాం. లేచి పోయేవారి వీపులు చూసేది మేమే" అన్నారు. ముప్పైమంది ఉన్న మందిరంలో ఆరుగురు ఒక్కసారి లేస్తే ఆ వేదికమీద ఏమవుతుందో మాకు ఆనాడు తెలిసింది.

కాబట్టి మా మొదటి సలహా ఇది. ఒక సాయంత్రానికి ఒక కచేరీ. రెండవదానికి పోదలచుకుంటే అది అదే ఆవరణలోగాని, నడచిపోగల దూరంలోగాని ఉండాలి. మొదటిది ముగిసిన తరువాతనే దానికి పోవాలి. ఒక కచేరీ రెండు, రెండున్నర గంటలు సాగుతుంది. నేడు మనం వింటున్న కచేరీ పద్ధతిని తీర్చిదిద్దినవారు అరియక్కుడి రామానుజ అయ్యంగారు. 1890లో పుట్టి 1967లో గతించిన ఆ మహావిద్వాంసుని ఏర్పాటులో ముందు వర్ణం, తరువాత చురుకైన చిన్న కృతులు, ఆపైన ఒకటి రెండు రాగాల ఆలాపన, ప్రధాన కృతి, దానికి నెరవు, స్వరకల్పన, తని ఆవర్తనం వస్తాయి. పదములు, జావళీలు, తిల్లానా చివరకు వస్తాయి. ఇంటికి పెద్దగది ఎట్లాటిదో కచేరీకి నడుమనున్న గంట అట్లాటిది. ఆరంభంలో అరగంట, అంతంలో అరగంట విని రెండు కచేరీలు విన్నామనుకునేవారు రెండిళ్ళ వసారాలు చూసి వచ్చినవారే.

తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచే అలవాటు మన సభలలో చిరకాలంగా ఉన్నది. గంటన్నర సేపు గాయకుని నీడగా నడచిన మృదంగానికీ, ఘటానికీ, కంజీరకూ దక్కే సొంత సమయం ఆ పది పదిహేను నిమిషాలే. కాఫీ తరువాత కూడా దొరుకుతుంది. నిజంగా మధ్యలో పోవలసిన పని ఉన్నవారు తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చుని, పాటకూ పాటకూ నడుమ లేచిపోవడం మర్యాద.

రెండవ సలహా. కార్యక్రమపత్రంలో పెద్ద అక్షరాలు మాత్రమే చదువవద్దు. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది కూడా చూడండి. మంచి ప్రక్కవాద్యాలు కూడిన చోట యువగాయకుడు సైతం తన శక్తిని మించి పాడుతాడు. మదరాసులో 1928లో స్థాపితమైన మ్యూజిక్ అకాడమీలో డిసెంబరు ఉత్సవాలప్పుడు మధ్యాహ్నపు వేళలు పిన్నలవి, సాయంత్రపు వేళలు ప్రసిద్ధులవి. నేడు సాయంత్రం పాడేవారిలో ఎందరో ఒకనాడు మధ్యాహ్నం పాడినవారే. మనం కూడా ఒక లెక్క పెట్టుకోవచ్చు. పేరున్న కచేరీలు రెండు వింటే, పేరు తెలియని కచేరీ ఒకటి వినాలి. ప్రసిద్ధునికి మనమొకరం తక్కువైనా సభ నిండుగానే ఉంటుంది. చిన్న మందిరంలో మన కుర్చీ ఖాళీగా ఉంటే అది కనబడుతుంది.

మూడవది ప్రయాణం. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్ స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు మెట్రోరైలు వచ్చిన తరువాత నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్.టి.సి. క్రాస్ రోడ్సు వరుసగా మూడు స్టేషనులైనాయి. సికిందరాబాదునుండి వచ్చేవారికి మ్యాట్నీ ఆట వదలి మొదటి ఆట మొదలయ్యే వేళ సంధ్య, దేవి థియేటర్ల ముందు నిలిచిపోయే బాధ తప్పింది. చిక్కడపల్లిలో దిగితే గానసభకు నడచిపోవచ్చు. రవీంద్రభారతికి పోవలసినవారు మహాత్మాగాంధీ బస్ స్టేషనులో రైలు మారి అసెంబ్లీ దగ్గరగాని, లకడీకాపూల్ దగ్గరగాని దిగవచ్చు. దారి చుట్టే అయినా గడియారాన్ని నమ్మవచ్చు. ఇందిరాపార్కునుండి వి.ఎస్.టి. వరకు 2023 ఆగస్టులో తెరచిన ఉక్కు వంతెన క్రాస్ రోడ్సు దాటి పోయేవారికి ఉపకరిస్తుంది. సభకు వచ్చేవారు క్రింది దారినే రావాలి. ఏ విధంగా వచ్చినా పావుగంట ముందుగా చేరండి. ఆఖరి రైలు వేళను బయలుదేరకముందే తెలుసుకోండి. ఫలహారం ముందుగా ముగించుకోవడం మంచిది. ఆకలితో విన్న ఆలాపన ఎంతటిదైనా దీర్ఘంగానే తోస్తుంది.

ఇక మొదట చెప్పిన కుటుంబ వివాదానికి కూడా ఒక పరిష్కారం ఉన్నది. అందరూ ఒకే సభకు పోవాలన్న నియమం లేదు. పెద్దవారికి మెట్లులేని దగ్గరి సభ, వారికి తోడుగా ఒకరు. వీణ నేర్చుకునే అమ్మాయికి వీణ కచేరీ, ఆమెతో తల్లి. రాత్రి భోజనాల దగ్గర ఎవరు విన్నది వారు చెప్పుకోవాలి. అట్లా చేస్తే ఒక ఇల్లు ఒక సాయంత్రం మూడు సభలనూ విన్నట్టే. ఆరాధననాడు మాత్రం అందరూ కలిసి పోవడం ఉచితం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని పంచరత్న కృతులను ఆనాడు విద్వాంసులూ, విద్యార్థులూ ఒకటిగా కూర్చుని పాడుతారు. అక్కడ ఎవరి కచేరీ అన్న ప్రశ్న లేదు. పాఠం వచ్చిన పిల్లలు సైతం గొంతు కలుపవచ్చు.

కదలలేని వారి మాట ఏమిటి? వారి కొరకే ఆకాశవాణి 1954లో రేడియో సంగీత సమ్మేళనాన్ని ఆరంభించింది. పలు నగరాలలో ఆహూతుల ఎదుట జరిగిన కచేరీలు దేశంలోని ఇళ్ళన్నిటికీ చేరాయి. అయితే రేడియో ముందు కూడా ఒక నియమం ఉన్నది. ఒక నిలయంనుండి మరొక నిలయానికి ముల్లు త్రిప్పుతూ పోయే శ్రోత, ఇంట కూర్చునే మూడు సభలు తిరిగినవాడవుతాడు. మేము ఆటోలో చేసిన తప్పే అతడు వ్రేలితో చేస్తాడు.

రాబోయే ఉత్సవాలకు కార్యక్రమపత్రం చేతికి రాగానే ఒక ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదీ కూర్చుని గుర్తులు పెట్టుకోండి. ప్రతి తేదీకి ఎదురుగా ఒక్క పేరు ఉంచి తక్కినవి కొట్టివేయండి. కొట్టివేసేటప్పుడు కొంచెం బాధ కలుగుతుంది, కలగనివ్వండి. ఎంచుకున్న సభలో రాగం సావకాశంగా విప్పుకుంటున్న వేళ, గడియారం చూడవలసిన అవసరం మాత్రం మీకు ఉండదు.